పొదుగుకు వేసిన మందు

ఉదయగిరి
7 జూలై 2024, ఆదివారం

కరుణా, వందనాలు.

ఆత్మకూరు ఎంత దూరమని ఈ వదిన ఉత్తరాలు మొదలుపెట్టింది అని నవ్వుకుంటావేమో, నవ్వుకో. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను మీ అన్నది. నీతో మాట్లాడాలంటే స్పీకరు పెట్టమంటాడు. పెట్టకపోతే పక్కన నిలబడి “ఏందంటా? ఏందంటా?” అని ప్రాణం తీస్తాడు. మా వీధి చెంచురామయ్య సోమవారం పొద్దున మీ ఊరి ఆఫీసుకు పోయి శనివారం ఇంటికొస్తాడు కదా, అతని చేతికిస్తే నీకు అందుతుంది, మీ అన్న చెవిన పడదు.

సంగతి ఏమిటంటే మచ్చావుకు పొదుగు వాచింది. అత్తమ్మ దూడప్పటి నుంచి సాకిన ఆవే. వెనక ఎడమ చన్ను గట్టిపడిపోయింది, చెయ్యి వేస్తే కాలు జాడిస్తోంది. పాలల్లో తెల్లటి ముద్దలు పడుతున్నాయి. మొన్న పాలకేంద్రంలో గుడ్డ మీద వడగట్టి, ఆ ముద్దలు వరసలో ఉన్నవాళ్ళందరికీ చూపించి, క్యాను నా చేతికి తిరిగి ఇచ్చేశారు. ఇరవై రెండేళ్ళుగా అక్కడ పాలు పోస్తున్నాను కరుణా. అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు.

పశువుల డాక్టరు రెండు మండలాలు చూసుకోవాలి. మంగళవారం వస్తానన్నాడు, ఏ మంగళవారమో చెప్పలేదు. మీ అన్నేమో పసుపు పూస్తే పోతుందంటాడు. నువ్వు పశువుల ల్యాబులో పనిచేస్తున్నావు, నిన్ను అడుగుదామంటే వద్దన్నాడు. ఆ ఆవు మాట ఎత్తితే మీ అన్నాచెల్లెళ్ళ మధ్య ఏమవుతుందో నాకు తెలుసు. అందుకే చాటుగా పంపిస్తున్నాను. ఐసు ముక్కలు వేసిన ఫ్లాస్కులో చిన్న సీసా ఉంది, అందులోవి ఆ చన్ను పాలే. ఏ మందు వేయాలో చూసి చెప్పు.

చెక్క గరిటెల పని బాగానే ఉంది. హైదరాబాదు వాళ్ళెవరో నర్ది చెక్క స్పూన్లు మూడొందలు కావాలన్నారట. పొద్దునా సాయంత్రం పాలు పిండడం, మధ్యలో ఆకురాయితో చెక్క రుద్దడం. నా కుడిచేతికి ఆదివారం చర్చిలో పాటల పుస్తకం పట్టుకున్నంతసేపే విశ్రాంతి. షుగరు మాత్రలు మానలేదు, నువ్వు అడగకముందే చెప్తున్నాను.

నీ వదిన,
రెబెకమ్మ


ఆత్మకూరు
12 జూలై 2024, శుక్రవారం

వదినా,

ఫ్లాస్కు అందింది. ఐసు కరిగి సీసా మీద చీటీ ఊడిపోయింది, ఈసారి ప్లాస్టరు అతికించు. పాటల పుస్తకం దగ్గరికొచ్చేసరికి నేను పైకే నవ్వేశాను, మా ఆఫీసరు తలుపు తీసి చూశాడు.

సరిగ్గా పరీక్ష చేయాలంటే మూడు రోజులు పడుతుంది. మా దగ్గర కోళ్ళఫారాల శాంపిళ్ళు కుప్పలుగా పడి ఉన్నాయి, నీ సీసా వంతు వచ్చేసరికి ఆ చన్ను ఎండిపోతుంది. అందుకని పరీక్ష లేకుండానే ఈ ఆరు ట్యూబులు పంపిస్తున్నాను. ఇది పెద్ద మందు, దేనికైనా పనిచేస్తుంది. చన్ను పూర్తిగా పిండేసి, కొనను స్పిరిట్ దూదితో తుడిచి, ట్యూబు మూతి లోపలికి పెట్టి మొత్తం ఎక్కించు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, మూడు రోజులు.

ఇవి పోయినసారి పశువుల క్యాంపులో పంచగా మిగిలినవి. ఎవరైనా అడిగితే మందుల షాపులో కొన్నానని చెప్పు. నాది కాంట్రాక్టు ఉద్యోగం, ఏటా మార్చిలో ఆఫీసరు సంతకం పెడితేనే ఇంకో ఏడాది. మా ఆయన చనిపోయాక నాకున్న ఆధారం ఈ ఉద్యోగమొక్కటే.

అమ్మ సాకిన ఆవు బాగుంటే అంతే చాలు. అది ఎవరింట్లో ఉంటే ఏముంది.

కరుణశ్రీ


ఉదయగిరి
4 ఆగస్టు 2024, ఆదివారం

మా డాక్టరమ్మకు,

ఆ బిరుదు నీకు నేనే ఇచ్చాను, ఎవరూ తీసేయలేరు. నీ మందు వేసిన రెండో రోజుకే పాలు మల్లెపువ్వు తెలుపుకొచ్చాయి. మూడో రోజు కేంద్రానికి తీసుకుపోతే గుడ్డ మీద ఒక్క ముద్ద లేదు. ఆ గుడ్డ నేనే చేతిలోకి తీసుకుని అందరికీ చూపించి వచ్చాను.

మూడు ట్యూబులకే బాగైపోయింది కాబట్టి మిగతా మూడూ గాజుల డబ్బాలో దాచిపెట్టాను. దాచినందుకు మంచే జరిగింది. పోయిన వారం నల్లావుకు కొంచెం వాపు కనపడితే దానికొకటి వేశాను, తగ్గింది. తర్వాత మచ్చావుకు అదే చన్ను మళ్ళీ వాచింది, ఉన్న రెండూ దానికేశాను. ఈసారి తగ్గినట్టే తగ్గి ఆగింది. ముద్దలు లేవు కానీ పాలు కాస్త ఉప్పగా ఉన్నాయి. ఇంకో నాలుగు పంపించావంటే పూర్తిగా పోతుంది.

పక్కింటి వెంకమ్మ వాళ్ళ గేదెకు కూడా అలాగే ఉందట. మీ ఆడబిడ్డను అడగవా అంటోంది. నీ పేరు చెప్పలేదులే, షాపులో కొన్నానన్నాను. ఏ షాపు అని అడిగింది, నెల్లూరులో అన్నాను. ఒక అబద్ధానికి ఇంకోటి తోడు చేసి ఆదివారం పూట ఎలా మోకరించానో దేవుడికే తెలుసు.

నీ వదిన,
రెబెకమ్మ


ఆత్మకూరు
9 ఆగస్టు 2024, శుక్రవారం

వదినా,

కోపంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ఆరు వేయమంటే ఆరూ వేయాలి. మందు సగంలో ఆపితే బలం లేని క్రిములు చస్తాయి, మొండివి బతుకుతాయి. తర్వాత పెరిగేవన్నీ ఆ మొండివాటి పిల్లలే. అప్పుడు అదే మందు నీళ్ళతో సమానం. నువ్వు మచ్చావుకు సగం వేసి, నల్లావుకు ముక్క వేసి, మళ్ళీ మచ్చావుకు ముక్క వేశావు. ఆ క్రిములకు మందు రుచి చూపించి అలవాటు చేశావు. ల్యాబులో రోజూ రైతులకు చెప్పే మాట ఇది, మా ఇంట్లోనే వినేవాళ్ళు లేరు.

ఇంకొకటి. మందు వేస్తున్నన్ని రోజులు, ఆపిన తర్వాత కూడా నాలుగైదు రోజులు ఆ పాలు పారబోయాలి. నువ్వు మూడో రోజే కేంద్రంలో పోశావు. ఆ పాలు ఎవరింట్లో ఏ పసిబిడ్డ తాగిందో ఎవరికి తెలుసు? ఆ గుడ్డ అందరికీ చూపించానని గొప్పగా రాశావు, చదువుతుంటే నాకు ఒళ్ళు మండింది.

నాలుగు కాదు, ఎనిమిది పంపిస్తున్నాను. నాకూ బుద్ధి లేదు. ఈసారి చన్నుకు ఆరూ వేయి. మిగిలిన రెండూ నాకు తిప్పి పంపించు.

కరుణశ్రీ


ఉదయగిరి
22 సెప్టెంబరు 2024, ఆదివారం

కరుణశ్రీ గారికి,

పాలు పారబోయమని చెప్పేది పాలు కొనుక్కు తాగేవాళ్ళే. పిండేవాళ్ళు ఎవరూ ఆ మాట అనరు. వారం రోజులు పారబోస్తే ఆ వారం నేనేం వండి పెట్టాలో కూడా నీ ల్యాబులో చెప్తే బాగుంటుంది. నాకు రెండు చేతులూ ఒక ఆకురాయీ ఉన్నాయి, నీకు ఫ్యానూ కుర్చీ ఉన్నాయి. కుర్చీలో కూర్చున్నవాళ్ళకు అందరూ తప్పు చేస్తున్నట్టే కనిపిస్తారు. పసిబిడ్డల్ని చంపేదానిలా నాకు ఉత్తరం రాశావు. అది చదివి రెండు రోజులు అన్నం తినలేదు. మీ అన్న ఏమైందని అడిగితే పళ్ళనొప్పి అన్నాను.

సరే, నీ మాట ప్రకారమే చేశాను. ఆరు ట్యూబులూ వేశాను. పాలు కూడా పారబోశాను, నువ్వు నమ్మినా నమ్మకపోయినా. తగ్గలేదు. ముద్దలు మళ్ళీ పడుతున్నాయి, ఒక్కోసారి నెత్తుటి చార కూడా వస్తోంది. పక్క చన్నుకు కూడా ఎక్కింది. సీసా పంపిస్తున్నాను, ప్లాస్టరు అతికించాను. ఈసారైనా పరీక్ష చేసి, ఏ మందు వేయాలో తేల్చి చెప్పు.

స్పూన్లు రెండొందలు అయ్యాయి. మొన్న బిక్కి చెక్క రుద్దుతుంటే ఆకురాయి జారి బొటనవేలు చీల్చింది. చిన్నదే, గోరు పక్కన. గుడ్డ చుట్టుకుని పాలు పిండుతున్నాను, ఆవు చన్నుకు గుడ్డ గరుగ్గా తగులుతుందేమో మచ్చావు తల తిప్పి తిప్పి చూస్తోంది. నొప్పి తన చన్నుకా నా వేలికా అని దానికి అనుమానం వచ్చి ఉంటుంది.

రెబెకమ్మ


ఆత్మకూరు
4 అక్టోబరు 2024, శుక్రవారం

వదినకు,

పరీక్ష అయింది. గాజు పళ్ళెంలో ఆ క్రిమిని పెంచి, దాని మీద రకరకాల మందు బిళ్ళలు పెడతాం. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ క్రిమి పెరగని ఖాళీ జాగా వస్తుంది. తొమ్మిది బిళ్ళలు పెట్టాను. ఏడింటి చుట్టూ జాగా లేదు. నేను నీకు పంపిన మందు బిళ్ళనైతే ఆనుకుని పెరిగింది. మిగిలిన రెండూ పెద్దాసుపత్రుల్లో మనుషులకు ఆఖరున వాడేవి, పశువులకు వాడకూడదు.

కాబట్టి మందులు లేవు. ఆ ఆవును ఇంట్లో ఉంచొద్దు. ఉన్న నాలుగు రోజులూ వేరేగా కట్టు. అందరికన్నా ఆఖరున పిండు, పిండాక చేతులు సబ్బుతో కడుక్కో. మిగతా ఆవులకు అంటిందంటే పాడి మొత్తం పోతుంది.

మిగిలిన రెండు ట్యూబులు ఇంకా నాకు అందలేదు. ఈ కాయితం చదివి చింపెయ్యి, ల్యాబు ముద్ర లేకుండా చేసిన పరీక్ష ఇది.

కరుణశ్రీ


ఉదయగిరి
13 అక్టోబరు 2024, ఆదివారం

కరుణశ్రీకి,

ఇంట్లో ఉంచొద్దు. ఎంత సుళువుగా రాశావు. ఈ మాట కోసమే రెండేళ్ళుగా కాచుకుని ఉన్నావు కదా.

అత్తమ్మ ప్రాణం పోయే ముందు “మచ్చావు కరుణకియ్యండి” అనింది, నేను పక్కనే ఉన్నాను, కాదనను. ఆత్మకూరులో రెండు గదుల అద్దె ఇంట్లో ఆవును ఎక్కడ కడతావని మీ అన్న అన్నాడు, నువ్వు ఏమీ మాట్లాడకుండా బస్సెక్కావు. అప్పుడు మాట్లాడనిది ఇప్పుడు గాజు పళ్ళెం మీద పెట్టి మాట్లాడుతున్నావు. నాకు దక్కంది మీకూ దక్కకూడదు అనుకుంటే సూటిగా రాయి. నాకు క్రిముల కథలు చెప్పొద్దు.

నీ ట్యూబులు రెండూ తిప్పి పంపించలేదు, అవి నా దగ్గర పనికొస్తున్నాయి. బొటనవేలు వాచింది. ఆవు పొదుగుకు పడే మందు నా వేలికి పడదా అని రోజూ కొంచెం పూస్తున్నాను, మీ అన్న కూడా మంచిదే అన్నాడు. ఎలా ఉందని అడుగుతావనుకున్నాను. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను, ఆవు ఉంది, పళ్ళెం ఉంది, ట్యూబులున్నాయి. నా వేలు మాట లేదు.

ఎర్రగా ఉంది, మణికట్టు దాకా సలుపు. ఆకురాయి పట్టలేకపోతున్నాను, వంద స్పూన్లు అలాగే ఉన్నాయి. పాలు మటుకు పిండుతున్నాను, ఇంకెవరు పిండుతారు?

రెబెకమ్మ


ఆత్మకూరు
14 అక్టోబరు 2024, సోమవారం

వదినా, వదినా,

ఆ మందు ఈ క్షణం ఆపు. ఇప్పుడే నెల్లూరు పో. ఉదయగిరిలో ఎవరి దగ్గరా సూది వేయించుకోవద్దు.

నీ పోయిన ఉత్తరంలో వేలు సంగతి నేను చదవలేదు. “కరుణశ్రీ గారికి” అని చూడగానే కోపం వచ్చి, సీసా సంగతి వరకు చదివి మడిచి పెట్టేశాను. ఆ సీసాను కూడా ఫ్రిజ్‌లో వారం రోజులు ఉంచాను. కావాలనే ఉంచాను. పని ఉందని నాకు నేనే చెప్పుకున్నాను కానీ పని లేదు, నీ మీద కోపమే. ఇప్పుడు దాచి ఏం లాభం.

అర్థం చేసుకో. ఆ ఆవు చన్నులో ఉన్న మొండి క్రిమి నీ దెబ్బలోకి పోయి ఉంటుంది. నువ్వు పూస్తున్నది ఏ మందుకు అది లొంగదో ఆ మందే. నీకు షుగరు కూడా ఉంది. పరీక్షలో పనిచేసిన ఆ రెండు మందుల పేర్లు, పనిచేయని ఏడింటి పేర్లు ఈ రెండో కాయితం మీద ఇంగ్లీషులో రాశాను. నెల్లూరు డాక్టరుకు చూపించు. ఎక్కడిదని అడిగితే ఎవరో తెలిసినవాళ్ళు రాసిచ్చారని చెప్పు. నా పేరు, ల్యాబు పేరు వద్దు.

ఇందాక అన్నకు ఫోను చేశాను. “గోరు పక్కన దెబ్బకి నెల్లూరెందుకే, నీకు అన్నీ పెద్దవిగానే కనపడతాయి” అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. శనివారం దాకా ఆగకుండా ఈ ఉత్తరం సాయంత్రం బస్సు కండక్టరుకిస్తున్నాను. ఆవు నీకే ఉండనీ, నాకు ఆవు వద్దు. నువ్వు పో వదినా.

కరుణ


నెల్లూరు, ఆసుపత్రి
10 నవంబరు 2024, ఆదివారం

చెల్లెలు కరుణశ్రీకి,

మీ వదిన చెప్తుంటే నేను రాస్తున్నాను. బాగున్నాను అని రాయమంటోంది. ఇక్కడ భోజనం పరవాలేదంట. పక్క మంచం ఆమెది కావలి, మంచి మనిషంట. నల్లావు చూడు కట్టిందంట, నీకు చెప్పమంటోంది. చర్చిలో అందరూ ప్రార్థన చేస్తున్నారంట. ఇంక ఏం లేదంటోంది.

ఆమె నిద్రపోయింది. ఇప్పుడు నేను రాస్తున్నా.

కరుణా, బొటనవేలు తీసేసినారు. ఎముకకు పట్టిందంట. ఇంకా ఆలస్యమైతే చెయ్యే పోయేదంట. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది, నేను చెప్తున్నా. నీ ఉత్తరం అందింది. నేను చదివినా. ముందు మన ఊళ్ళో వెంగయ్య దగ్గర పది రోజులు సూదులేయించినాను. ఆయనెప్పుడూ మన ఇంట్లో అందరికీ ఏసేవాడే కదా. నెల్లూరొచ్చినాక ఆ ఇంగ్లీషు కాయితం జేబులోనే ఉండాది. చూపిస్తే ఎవరు రాసిచ్చినారని అడుగుతారు. నీ పేరొద్దన్నావు. నాకు అబద్ధం చెప్పను రాదు, చెప్పబోతే నీ ఉద్యోగానికి ముప్పొస్తుందేమోనని తియ్యలేదు. నాలుగు రోజులకు వాళ్ళ పరీక్షలో వాళ్ళే కనిపెట్టినారు. ఆ రిపోర్టు ఫోటో నీకు పంపిస్తా. ఆ నాలుగు రోజులే ఎక్కువైనాయని ఇక్కడ పెద్ద డాక్టరు అన్నాడు.

నువ్వు చెప్పినట్టు ఆవును ఇంట్లో ఉంచలేదు. వింజమూరు పక్కన నిరోష అనే పిల్ల, ఈ మధ్యే పెళ్ళయింది, పాడి పెట్టుకోవాలని ఆశ. ఆవుకు రెండు పూటలా ఏదో పొడి పెట్టి, వాపు తగ్గిన రోజు చూసి తోలిచ్చినా. మంచి మనుషులు. గాజుల డబ్బాలో ఒకటిన్నర ట్యూబుంటే అది కూడా ఇచ్చినా, ఎప్పుడన్నా వాస్తే ఏసుకోమని.

అమ్మ ఆవు పోయింది. నీకూ లేదు, నాకూ లేదు. ఇంక ఆ తగువు లేదు కదా.

పిచ్చయ్య


ఆత్మకూరు
22 నవంబరు 2024, శుక్రవారం

వదినా,

నిన్ను చూడ్డానికి రాలేదు. రెండుసార్లు బస్టాండు దాకా పోయి తిరిగొచ్చాను. నీ చెయ్యి చూసి నిలబడే ధైర్యం లేదు.

ఆసుపత్రి రిపోర్టు ఫోటో, నేను చేసిన ఆవు పరీక్ష కాయితం రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. అదే క్రిమి. అవే ఏడు మందులకు లొంగలేదు, అవే రెండింటికి లొంగింది. రెండూ ఒకే మూలం నుంచి వచ్చాయని గట్టిగా చెప్పాలంటే ఇంకా పెద్ద పరీక్షలు చేయాలి. నాకు ఆ పరీక్షలు అక్కర్లేదు. నాకు తెలుసు.

అన్న ఆవును అమ్మాడని చదివి ఆ రాత్రంతా ఏడ్చాను. ఇంట్లో ఉంచొద్దని రాశాను కానీ ఎవరికీ అమ్మొద్దని రాయలేదు. నా బుర్రకు తట్టలేదు. పైగా ఆ పిల్లకు మిగిలిన మందు కూడా ఇచ్చి పంపించాడు. ఆ పిల్ల కూడా నీలాగే పిండుతుంది, దాస్తుంది, పూస్తుంది.

ఇది మా ఆఫీసరుకు చెప్పాలి. చెప్తే ఆ ఆవును పట్టించుకుంటారు, ఆ ఊళ్ళో పాడి పశువులన్నీ చూస్తారు. కానీ మొదటి ప్రశ్న, ఈ పెద్ద మందు ఆ ఆవుకు ఎవరు వేశారు అని. క్యాంపు ట్యూబుల సంగతి బయటపడుతుంది, పరీక్ష దొంగతనంగా చేశానని బయటపడుతుంది. మార్చిలో నాకు సంతకం పడదు. అప్పుడు నేనేం చేయాలి వదినా?

అందుకే నిన్ను అడుగుతున్నాను. నీకు కాస్త ఓపిక వచ్చాక వింజమూరు పోయి ఆ పిల్లకు నువ్వే చెప్పు. నీ చెయ్యి చూపిస్తే చాలు, అంతకన్నా ఏం కావాలి? ల్యాబు మాట, ట్యూబులు ఎక్కడివన్న మాట ఎత్తొద్దు. నన్ను తిట్టు, కానీ ఈ ఒక్క పని చెయ్యి.

కరుణ


ఉదయగిరి
15 డిసెంబరు 2024, ఆదివారం

కరుణా,

ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు ఎలా ఉన్నా కూడబలుక్కుని చదువు. మీ అన్న రాసిపెడతానన్నాడు, వద్దన్నాను. బుధవారం మొదలుపెట్టాను, ఈ రోజుకు అయింది.

నువ్వు చెప్పినట్టే పోయాను. వింజమూరులో దిగి ఆటో ఎక్కి ఆ ఊరు పోయాను. నిరోష మంచి పిల్ల. నన్ను కూర్చోబెట్టి మచ్చావు పాలతోనే కాఫీ పెట్టి ఇచ్చింది. ఎడమచేత్తో అందుకున్నాను. వాళ్ళ అత్త రాఘవమ్మ ముఖం చిట్లించింది, ఎడమచేత్తో తీసుకున్నానని. అప్పుడు కొంగు తీసి కుడిచెయ్యి చూపించాను. కట్టు విప్పి చూపించాను.

ఆ ఆవు వల్లే ఇలా అయిందని చెప్పాను. పొదుగులో మందుకు లొంగని పురుగు ఉందని, చేతికి దెబ్బ ఉంటే పిండొద్దని, మీ అన్న ఇచ్చిన ట్యూబు పారేయమని చెప్పాను. రాఘవమ్మ విని, ఇంటింటికీ ఆవులున్నాయి ఎవరికీ వేళ్ళు తెగలేదే అంది. నీకు ఎవరు చెప్పారు, ఏ డాక్టరు చెప్పాడు, కాయితం ఏది అని అడిగింది. నా దగ్గర కాయితం లేదు. ఎవరి పేరూ ఎత్తడానికి లేదు.

నిరోష మెల్లగా అడిగింది.

“అక్కా, ఆవు బాగా పాలిస్తా ఉండాదని తెలిసి వెనక్కి తోలుకపోదామని వచ్చినావా? అట్టయితే చెప్పు, ఇంత కథెందుకు?”

ట్యూబు అడిగితే అది ఆవుతో పాటు ఇచ్చింది కదా, మాదే అన్నారు. బస్సుకు టైముంది కాబట్టి సాయంత్రం పాలు పిండేదాకా అక్కడే అరుగు మీద ఉన్నాను. ఆ పిల్ల కొంగు నడుముకు చెక్కి కూర్చుంది. నాకన్నా బాగా పిండుతుంది, చెంబు నిండా నురగ లేచేట్టు. మచ్చావు నన్ను గుర్తుపట్టి తల ఇటు తిప్పింది. వెనక ఎడమ చన్ను మళ్ళీ గట్టిపడుతోంది కరుణా. ఇరవై రెండేళ్ళు పిండినదాన్ని, నాకు దూరం నుంచే తెలిసింది. ఆ పిల్ల ఇంకా చూసుకోలేదు.

ఇక్కడ మీ అన్న అందరితో ఆకురాయితో వేలు తెగి సెప్టిక్ అయిందని చెప్తున్నాడు. నేనూ అదే చెప్తున్నాను, లేకపోతే నల్లావు పాలు కూడా పోయించుకోరు. గరిటెల దగ్గర నా చోటులో వేరే అమ్మాయిని పెట్టుకున్నారు. తప్పు లేదు, వేలు లేకుండా ఆకురాయి ఎట్లా పడతాను? మీ అన్న పాలు పిండడం నేర్చుకుంటున్నాడు. ఆవు తన్నినప్పుడల్లా నన్ను చూస్తాడు.

నీ మీద కోపం పోలేదు. ట్యూబులు పంపించావని కాదు, నేను అడిగాను, నువ్వు పంపించావు. సీసా వారం దాచావని కూడా కాదు. నా నోటి దురుసు నాకు తెలుసు. నా కోపమంతా పోయిన ఉత్తరం మీద. రెండు కాయితాలూ నీ బీరువాలో పెట్టుకుని, వేలు తెగినదాన్ని బస్సెక్కించి ఊరుగాని ఊరు పంపించావు. నా చెయ్యి చూపిస్తే చాలని రాశావు. చాలలేదు.

నువ్వు పో. ఆ కాయితాలు పట్టుకుని మీ ఆఫీసరు దగ్గరికి పో, తర్వాత ఆ పిల్ల దగ్గరికి పో. మందు ఎవరిచ్చారని అడుగుతారు, నేనే ఇచ్చానని చెప్పు. ఉద్యోగం పోతే ఏం చేయాలని నన్ను అడిగావు. నాకు పాలు పిండే పని పోయింది, గరిటెల పని పోయింది. నీది మాత్రం ఎందుకు పోకూడదు కరుణా?

పోయొచ్చేదాకా నాకు ఉత్తరం రాయొద్దు.

రెబెకమ్మ